మంచు పోషించు దీవి

జపానుకు ఉత్తరమున ఉన్న హొక్కైడో ఆ దేశపు దీవులలో రెండవ పెద్దది. దాని వైశాల్యము సుమారు 78,000 చదరపు కిలోమీటర్లు. ముఖ్యపట్టణమగు సప్పోరో, ఇటలీలోని ఫ్లారెన్సు, రెండును ఇంచుమించు 43 డిగ్రీల ఉత్తర అక్షాంశముననే ఉన్నవి. అయినను సప్పోరోలో ఏటేటా మొత్తముమీద సుమారు 5 మీటర్ల మంచు కురియును. కారణమేమి? సైబీరియా నుండి వీచు చలిగాలులు జపాను సముద్రముపై తేమను గ్రహించి, దీవిలోని కొండలను తాకి పైకి లేచి, ఆ తేమను మంచుగా విడుచును. వసంతమున కరగిన ఆ మంచే ఇషికారి మైదానపు వరిపొలములకు నీరగును.

ఓఖోట్స్కు సముద్రపు మంచుగడ్డలు చలికాలమున ఈశాన్య తీరమునకు కొట్టుకొని వచ్చును. వాని అడుగున సూక్ష్మమైన నాచు పెరుగును. దానిని తిను చిన్నప్రాణులు చేపలకు ఆహారము. భూగోళము వేడెక్కుటచే ఈ గడ్డలు కొన్ని దశాబ్దములుగా తగ్గుచున్నవి. చలికి అలవడిన ఈ దీవికి నేడు చింత కలిగించునది చలి తగ్గుటయే.