బాణం ‘టిక్’మంటే... ఆగండి!

మన కుర్రకారుకి విల్లంబుల మోజు ఇవాళ్టిది కాదు. 1963లో ‘లవకుశ’లో రాముడూ రామారావుగారే, అదే ఏడాది ‘నర్తనశాల’లో అర్జునుడూ రామారావుగారే. ఇంకేం! వీధివీధినా వెదురుబద్ద విల్లు, చీపురుపుల్ల బాణం! 2017లో ‘బాహుబలి-2’లో ప్రభాస్, అనుష్క పక్కపక్కన నిలబడి మూడేసి బాణాలు ఒక్కసారే సంధిస్తుంటే హాల్లో ఈలలే ఈలలు. 2022లో ‘ఆర్.ఆర్.ఆర్.’ ఆఖరి ఘట్టంలో విల్లు పట్టిన రామ్‌చరణ్, 2025 అక్టోబరులో ఢిల్లీలో జరిగిన తొలి ఆర్చరీ ప్రీమియర్ లీగ్‌కి ప్రచారకర్త అయ్యారు. అందులో ‘కాకతీయ నైట్స్’ అని ఓ జట్టు కూడా ఉందండోయ్!

అంచేత దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో పుస్తకాలతో కుస్తీ పడుతున్న కుర్రాడో, ఎల్.బి.నగర్ కాలనీ అమ్మాయో ‘నేనూ విల్లు పడతా’నంటే వింతేముంది? ఎల్.బి.నగర్ చౌరస్తాలో బస్సెక్కితే తిన్నగా విజయవాడ. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు పట్టుకొచ్చిన వెన్నం జ్యోతి సురేఖదీ, 2024 పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ టీమ్‌లో అంకితా భకత్‌తో కలిసి నాలుగో స్థానందాకా వెళ్లిన బొమ్మదేవర ధీరజ్‌దీ ఆ ఊరే. ఇటు పెద్దపల్లి జిల్లా అమ్మాయి తానిపర్తి చికిత 2025లో కెనడా వెళ్లి అండర్-21 ప్రపంచ ఛాంపియన్ అయి వచ్చింది. మోజు పెరగడానికి ఇంతకంటే కారణాలేం కావాలి?

వీళ్లందరి చేతుల్లో ఉన్నవి కార్బన్ బాణాలు. సినిమా బాణానికీ వీటికీ ఒక తేడా ఉంది. సెట్టు మీద బాణం విరిగితే డైరెక్టరుగారు ‘కట్’ అంటారు, ఇంకోటి అందిస్తారు. గ్రౌండులో విరిగితే అది తిన్నగా విల్లు పట్టుకున్న చేతిలోకే వస్తుంది!

ఎలాగంటారా? కార్బన్ బాణం అంటే సన్నటి కార్బన్ పోగుల్ని జిగురులో తడిపి, పొరలుగా చుట్టి గట్టిపరిచిన గొట్టం. తేలిక, బిగువు రెండూ ఉంటాయి. అల్యూమినియం బాణానికి దెబ్బ తగిలితే సొట్ట కనిపిస్తుంది, వంకర కనిపిస్తుంది. ఈ కార్బన్ మహాతల్లి అలా కాదు. లోపల పొరలు విడిపోయినా పైకి పెళ్లికూతురిలా నిగనిగలాడుతూనే ఉంటుంది. నారి వదలగానే వెనకనించి తోపు తగిలి బాణం ఒక్క క్షణం చేపలా మెలికలు తిరుగుతుంది. బీట ఉంటే అప్పుడే తెరుచుకుంటుంది. కాడ ఫెళ్లున విరిగి, వెనకసగాన్ని నారి ఇంకా తోస్తూనే ఉండటంతో ఆ ముక్క బొటనవేలి మొదట్లోనో, మణికట్టులోనో దిగబడుతుంది. పైగా కార్బన్ పేళ్లు ఎక్స్‌రేలో సరిగ్గా కనపడవు! డాక్టరుగారు కోసి వెతుక్కోవాలి. చుట్టూ నరాలూ, స్నాయువులూ... వద్దులెండి, ఆ సీను మనకొద్దు.

తప్పించుకోవడానికి పట్టేది బాణానికి అరనిమిషం. ముందు వెలుతురులో తిప్పి చూడండి: గీత, సొట్ట, పెచ్చు, ఏదైనా సరే. వేలితో నిమరకండి, పేడు గుచ్చుకుంటుంది. కాస్త దూది తీసుకుని కాడ పొడవునా రుద్దండి. దూది పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ అనుమానం. తర్వాత అసలు పరీక్ష. ఓ చేత్తో మొన దగ్గర, ఇంకో చేత్తో తోక దగ్గర పట్టుకుని, మీ మొహానికీ పక్కవాళ్లకీ ఎడంగా ఉంచి, ఒకటి రెండు అంగుళాలు మెల్లగా వంచండి. చెవి పెట్టి వినండి. కొంచెం తిప్పి మళ్లీ వంచండి. పూర్తిగా ఒక చుట్టు తిరిగేసరికి నాలుగైదుసార్లు వంచి ఉండాలి. ‘టిక్’ అని చిన్న చప్పుడొచ్చినా, చేతికి కిర్రుమన్నట్టు తగిలినా ఆ బాణం పనైపోయినట్టే. రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ మెలిపెట్టి చూడండి. సులువుగా మెలి తిరిగినా అంతే సంగతులు.

ఇక తోకలో నారిని పట్టుకునే ప్లాస్టిక్ కొక్కెం, అదే ‘నాక్’. చూడ్డానికి చిన్నదే గానీ అది చిట్లితే నారి బాణాన్ని వదిలేస్తుంది. తోయాల్సిన బలమంతా విల్లు మీదే విరుచుకుపడుతుంది. దాన్నీ చూడండి.

రోజూ మొదలుపెట్టే ముందు ఒకసారి, బాణం చెక్కకో రాయికో తగిలినప్పుడల్లా ఒకసారి చూడాలి. గురి కుదిరేకొద్దీ బాణాలు ఒకేచోట గుచ్చుకుని ఒకదాన్నొకటి రాసుకుంటాయి. బాగా వేసేవాళ్లకే ఈ బెడద ఎక్కువ! ఒక బాణం తోకలో ఇంకోటి దూరితే దాన్ని ‘రాబిన్‌హుడ్’ అంటారు. స్నేహితులు చప్పట్లు కొడతారు, ఫోటోలు తీస్తారు. ఫోటో తీసుకోండి, కాదనను. ఆ రెండు బాణాలూ మాత్రం మళ్లీ వింటికెక్కించకండి.

ఇక్కడే వస్తుంది చిక్కు. మేలురకం కార్బన్ బాణాలు డజను వేలల్లో పలుకుతాయి. హాస్టల్ ఫీజుకే నాన్నకి ఫోన్ చేసే కుర్రాడికి ఒక్కటి పారేయాలన్నా ప్రాణం ఉసూరుమంటుంది. ‘ఫెవిక్విక్ పూసి టేపు చుడితే సరిపోదా బ్రదర్?’ అంటాడు. సరిపోదు బ్రదర్! జిగురు బీటని దాస్తుందేగానీ పోగుల్ని అతకదు. స్నేహితుడి బాణాలు అరువు తెచ్చుకోవడమూ అలాంటిదే. వాడు పొట్టి, నువ్వు పొడుగు అనుకో. నారి పూర్తిగా లాగేసరికి మొన వింటి మీద ఆనే చోటు దాటి వెనక్కొచ్చేస్తుంది. వదిలితే దారి చేతిలోకే. అలాగే నీ వింటి బలానికి మరీ మెత్తనైన కాడా పనికిరాదు.

పాడైన బాణాన్ని అమ్ములపొదిలో మంచివాటి పక్కన పెట్టకండి. గబగబా వేసేటప్పుడు చెయ్యి దానిమీదే పడుతుంది. పేళ్లు గుచ్చుకోకుండా గుడ్డ చుట్టి, రెండు ముక్కలు చేసి, ఇంకెవరూ ఏరుకోకుండా పారేయండి. శిక్షణలో చేరిన మొదటిరోజే కోచ్‌గారిని అడిగి, ఒక మంచి బాణాన్నీ ఒక చెడిపోయినదాన్నీ ఆయన చేతే వంపించి, ఆ రెండు చప్పుళ్లూ చెవికి పట్టించుకోండి.