చామంతి పిలకలు విడదీసే వేళ: మల్బరీ పక్కన పూలు వేసేవాళ్లకు

సంక్రాంతి దాటింది, చామంతి చివరి కోతలు అయిపోవస్తున్నాయి. శిడ్లఘట్ట, చింతామణి, హోసూరు వైపు మనవాళ్లు కొందరు మల్బరీ పక్కనే కాస్త చామంతి కూడా పెట్టుకున్నారు. గూళ్ల ధర పడిపోయినప్పుడు పూల డబ్బు ఆదుకుంటుంది, కాదనం. అయితే చామంతికి కొట్టే పురుగుమందే మన పట్టుపురుగుకు యముడు. ఆ మందు ఎన్నిసార్లు కొట్టాల్సి వస్తుందనేది చాలావరకు ఇప్పుడు, పిలకలు తీసే దగ్గరే తేలిపోతుంది.

పాత దుబ్బును కదపకుండా వదిలేస్తే రెండో ఏడూ పూస్తుంది. కానీ నడిమి భాగం కట్టెబారి పూలు చిన్నవైపోతాయి. పేనుబంక, తామరపురుగులు, వేరుకుళ్లు అక్కడే కాపురం పెట్టి కొత్త పిలకల మీదికి ఎక్కుతాయి. తర్వాత డబ్బా భుజం మీంచి దిగదు.

అందుకే పూలు బాగా కాసినప్పుడే మంచి మొక్కలకు దారం కట్టి గుర్తు పెట్టుకోవాలి. పూలు లేనప్పుడు అన్ని దుబ్బులూ ఒకలాగే కనిపిస్తాయి కదా. కోతలు అవగానే కొమ్మల్ని నేల నుంచి జానెడు లోపు ఎత్తులో కోసి, రాలిన ఆకంతా ఏరి తోట బయట కాల్చేయండి. మొదట్లో కాస్త చివికిన ఎరువు వేసి తడి ఇస్తే కొద్ది వారాల్లో చుట్టూ పిలకలు లేస్తాయి. అవి నాలుగు వేళ్ల ఎత్తుకు వచ్చి సొంత వేళ్లు పట్టాక, గునపంతో దుబ్బంతా లేపి చేత్తో విడదీయాలి. అంచున ఉన్న లేత పిలకలే తీసుకోండి. నడిమి కట్టె పనికిరాదు. వేరు గోధుమరంగు తిరిగినా, ఆకు అడుగున నల్లమచ్చలున్నా ఆ దుబ్బు మొత్తం వదిలేయడమే. ఇక్కడ పిసినారితనం చేస్తే తర్వాత చాకీ ట్రేలో లెక్క తేలుతుంది.

తీసిన పిలకల్ని ఎత్తుమడిలో, పల్చటి నీడన ఎండాకాలం దాటించి, జూన్, జూలైలో అడుగుకో మొక్క చొప్పున నాటాలి. నాలుగు వారాలకు తలలు గిల్లితే పక్క కొమ్మలు వస్తాయి. పొద్దు కురచయ్యాకే చామంతి మొగ్గ తొడుగుతుంది కాబట్టి మరీ ముందు నాటితే ఒళ్లు పెరగడమే తప్ప లాభం లేదు.

ఎక్కడ నాటాలనేది పెద్ద ప్రశ్న. మన పీఠభూమి మీద జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి పడమర, నైరుతి నుంచి వీస్తుంది. కాబట్టి చామంతిని మల్బరీకి తూర్పున పెడితే ఆ రోజుల్లో మందు మన ఆకు మీదికి రాదు. కానీ మొగ్గ, పూత సమయం, అంటే ఎక్కువ మందు కొట్టే సమయం, అక్టోబరు తర్వాత వస్తుంది. అప్పటికి గాలి తిరిగి ఈశాన్యం నుంచి వీస్తుంది. కనుక దిక్కు ఒక్కదాన్నే నమ్ముకోకుండా, రెంటి మధ్య జొన్న గానీ సజ్జ గానీ మూడు నాలుగు సాళ్లు ఆగస్టులో దట్టంగా వేయండి. ఆ చొప్ప మాత్రం పశువులకు వద్దు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. "జీవ మందు కదా, ఏం కాదు" అనుకునేవాళ్లు చాలామంది. బవేరియా అన్నది మన పురుగుకు సున్నపుకట్టు రోగం తెచ్చే శిలీంధ్రమే. మెటారైజియం, బి.టి. కూడా అంతే, పట్టుపురుగును వదలవు. సింథటిక్ పైరిథ్రాయిడ్లయితే కొంచెం తగిలినా పురుగులు తల ఊపుతూ ఆకుపచ్చ రసం కక్కుతాయి.

చామంతికి వాడిన డబ్బాను మల్బరీకి వాడొద్దు. మందు కొట్టిన మనిషి స్నానం చేసి బట్టలు మార్చాకే పురుగుల ఇంట్లో అడుగు పెట్టాలి. పక్క చేనివాళ్లు చామంతి వేసుకుంటే, వాళ్లు మందు కొట్టే రోజు ముందే కబురు చెప్పమనండి. ఆ రోజుకు కావలసిన ఆకు ముందే కోసి తడిగోనె కింద దాచుకోవచ్చు.