పిల్లికి జలుబు చేస్తే

పిల్లలూ! కళ్ళు పుసులు కట్టి, ముక్కు కారుతూ, వసారా మూలన ముడుచుకుని తుమ్మే పిల్లికూనను మీరెప్పుడైనా చూశారా? కిందటేడు మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అటువంటి కూనను బుట్టలో పెట్టుకుని సరాసరి ప్రయోగశాలకే తెచ్చింది. “మాస్టారూ, బలం మందు ఏదైనా పోస్తే దీని జలుబు పోతుందా?” అని అడిగింది. ప్రశ్న చిన్నదే, జవాబే కాస్త పొడుగు.

పిల్లుల జలుబుకు ముఖ్యంగా రెండు వైరస్‌లు కారణం. ఒకటి హెర్పిస్ వైరస్, రెండోది కాలిసి వైరస్. వీటిలో మొదటిది మహా గడుసుది. జలుబు తగ్గినా అది ఒంట్లోంచి పోదు. ముఖానికి వచ్చే నాడుల కణాల్లో దూరి నిద్రపోతుంది. పిల్లికి బెదురో బెంగో కలిగితే మళ్ళీ లేస్తుంది.

ఈ వైరస్ తన మాంసకృత్తులను తయారుచేసుకోవాలంటే ఆర్జినిన్ అనే ఆమైనో ఆమ్లం కావాలి. లైసిన్ అనే మరో ఆమైనో ఆమ్లం కణంలోకి వెళ్ళేటప్పుడు ఆర్జినిన్‌తో పోటీపడుతుంది, బస్సు గుమ్మం దగ్గర ఇద్దరు ఒకేసారి ఎక్కబోయినట్లు. కనుక లైసిన్ ఎక్కువగా తినిపిస్తే ఆర్జినిన్ అందక వైరస్ పస్తుంటుందని కొందరు తలచారు. గాజు పళ్ళెంలో పెంచిన కణాల్లో, ఆర్జినిన్‌ను బాగా తగ్గించి చూస్తే, వైరస్ పెరుగుదల తగ్గింది కూడా. ఇంకేం, పిల్లుల కోసం లైసిన్ పొడులు అంగళ్ళకెక్కాయి.

కాని పిల్లి గాజు పళ్ళెం కాదు గదా! లైసిన్ తిన్న పిల్లుల రక్తంలో ఆర్జినిన్ తగ్గలేదు. బోల్, బనిక్ అనే శాస్త్రజ్ఞులు అంతవరకు జరిగిన పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలించి, లైసిన్ ఈ జబ్బును ఆపదు, తగ్గించదు అని 2015లో ప్రకటించారు. కొన్ని పరీక్షల్లో జబ్బు ముదిరింది కూడా.

పోనీ, ఆర్జినిన్ నిజంగానే తగ్గిందనుకోండి. అప్పుడు వైరస్ కంటె ముందు పిల్లికే ముప్పు! మాంసకృత్తులు జీర్ణమై ఖర్చయ్యేటప్పుడు అమోనియా అనే విషం పుడుతుంది. దాన్ని కాలేయం యూరియాగా మార్చాలంటే ఆర్జినిన్ ఉండాలి. మన శరీరం దాన్ని కొంత తయారుచేసుకోగలదు. పిల్లి శరీరానికి ఆ నేర్పు చాలా తక్కువ. ఆర్జినిన్ లేని ఆహారం ఒక్క పూట పెడితే చాలు, కొద్ది గంటల్లోనే అమోనియా పిల్లి తలకెక్కుతుందని కాలిఫోర్నియాలో మోరిస్, రోజర్స్ 1978లో చూపించారు.

మరి విటమిన్లో? విటమిన్ ‘సి’ని పిల్లి కాలేయమే తయారుచేస్తుంది. క్యారట్ పెట్టి లాభం లేదు, అందులోని కెరోటిన్‌ను పిల్లి విటమిన్ ‘ఏ’గా మార్చుకోలేదు. టారిన్ అనే పదార్థం చేపలు, మాంసం నుంచే దానికి అందాలి. అది లోపిస్తే చూపు, గుండె రెండూ దెబ్బతింటాయి. ఉత్త పాలన్నంతో పిల్లిని పెంచేవారు ఈ సంగతి గమనించాలి. లోపం ఉంటే తీర్చాలి గాని, లోపం లేనిచోట పొడులు కలిపితే రోగనిరోధక శక్తి రెట్టింపు కాదు.

మేమేం చేశామంటారా? గోరువెచ్చని నీటిలో దూది ముంచి కళ్ళు తుడిచాము. ముక్కు మూసుకుపోతే పిల్లికి వాసన తెలియదు, వాసన తెలియకపోతే తిండి ముట్టదు. అందుచేత ఉడికించిన చేపను కాస్త వెచ్చచేసి పెట్టమన్నాను. “జ్వరంగా ఉంది, పారాసిటమాల్ ముక్క వేయనా?” అని ఆ అమ్మాయి అడిగినప్పుడు నా గుండె ఝల్లుమంది. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు, చిన్న ముక్క కూడా ప్రాణం తీయవచ్చు. పశువైద్యుని దగ్గరకు పంపాను. ఆయన కంటికి చుక్కలు ఇచ్చి, కోలుకున్నాక టీకా వేశారు. టీకా వల్ల జలుబు అసలే రాదని కాదు, వచ్చినా ముదరదు.

కూన ఇప్పుడు పెద్దదయింది. పండగకు ఇంటినిండా చుట్టాలు వచ్చి వెళితే మాత్రం, ఓ వారానికి తుమ్ములు మొదలవుతాయట.