నంది కొండ బంగళాల లెక్క

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. చిక్కబళ్ళాపురం పక్కనున్న నంది కొండ ఎత్తు 1,478 మీటర్లు. వెయ్యి మీటర్లు పైకెక్కితే గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. ఆ లెక్కన ఈ 558 మీటర్లకు దక్కేది సుమారు మూడున్నర డిగ్రీలే. ఇంతమాత్రం చల్లదనానికి తెల్లదొరలు కొండెక్కి ఇల్లు కట్టుకోవాలా?

ఊటీ 2,240 మీటర్ల ఎత్తు. చలి కావాలంటే అక్కడికే పోవాలి, కానీ అది చాలా దూరం. నంది కొండ బెంగళూరుకు 60 కిలోమీటర్లే. బెంగళూరుకు రైలొచ్చింది 1864లో. అంతకుముందు గుర్రమో, పల్లకో, ఎద్దుబండో. కచేరీ కాగితాలు ఆగకుండా తిరగాలంటే దొరగారి వేసవి విడిది దగ్గర్లోనే ఉండాలి. నాకు తోచినంతలో, నంది కొండ మీది ఇళ్లను కట్టించింది చల్లగాలికన్నా ఆ 60 కిలోమీటర్లే.

నంది కొండ మీది కోటను 1791 అక్టోబరు 19న గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ సేన టిప్పు సుల్తాన్ నుంచి గెలుచుకుంది. 1831లో మైసూరు పాలన ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. 1834లో మార్క్ కబ్బన్ మైసూరు కమిషనర్‌గా వచ్చాడు. 1861 దాకా, అంటే 27 ఏళ్లు, ఆయనే పాలించాడు. వేసవికి నంది కొండ మీద ఆయనకో బంగళా ఉండేది. ఇప్పుడు దాని పేరు నెహ్రూ నిలయ. రెండో ఇల్లు కబ్బన్ కింద పనిచేసిన ఫ్రాన్సిస్ కన్నింగ్‌హామ్‌ది. బెంగళూరు కన్నింగ్‌హామ్ రోడ్డు ఆయన పేరే. భారత పురావస్తు శాఖకు పునాది వేసిన అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్‌కు తమ్ముడు.

మనకు బంగళా అంటే కలవారి ఇల్లు. పుట్టుకలో అది బెంగాల్ పల్లె ఇల్లు: ఒకే అంతస్తు, వాలు కప్పు, చుట్టూ వసారా. తెల్లదొరలు దాన్ని పెంచి గోడలు మందం చేశారు, కప్పు ఎత్తారు. ఎత్తయిన కప్పు కిందికి వేడిగాలి చేరుతుంది, మనుషులు మెసిలే చోట కాస్త చల్లగా ఉంటుంది. వసారా ఎండను గోడ దాకా రానివ్వదు. మబ్బులు గుమ్మం దాకా వచ్చే కొండ మీద అదే వసారా జల్లుకు అడ్డం. ఇంగ్లండులో బంగళా అనే పేరుతో ఇళ్లు లేచింది 1870 ప్రాంతంలో, వెస్ట్‌గేట్ సముద్రతీరాన. మన సరుకే అక్కడికి ఎగుమతైందన్న మాట!

1927లో ఆరోగ్యం చెడిన గాంధీజీ కన్నింగ్‌హామ్ ఇంట్లో సుమారు నెలన్నర ఉన్నారు. 1936 మే నెలలో మళ్లీ వచ్చారు; సి.వి. రామన్ కొండెక్కి వచ్చి ఆయన్ను కలిశారు. ఆ ఇల్లు నేడు గాంధీ నిలయ.

ఈ నంది కొండల్లో పుట్టిన పెన్నేరు 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. కబ్బన్ దొర ఏదో ఒక వేసవిలో ఆ నీళ్లు తాగే ఉంటాడు.