ఇల్లు అద్దెకిచ్చేవారికి నాలుగు మాటలు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిలో ఒక వాటా అద్దెకిచ్చి చూడు అని కూడా వారు చేర్చి ఉండవలసింది. అద్దెకిచ్చిన వారందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట తోచే ఉంటుంది.

ఇంటి ఓనరు అనగానే నాలుగు మేడలున్న ధనవంతుడు మన కళ్ళ ముందు మెదులుతాడు. కాని మన ఊళ్ళలో, మన సంఘాలలో అద్దెకిచ్చేవారు చాలామంది అటువంటివారు కారు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో ఇంటి వెనుక రెండు గదులు వేయించిన పంతులుగారు ఒకరు. పిల్లల చదువుకని పట్నంలో కాపురం పెట్టి, ఊళ్ళోని ఇల్లు పాడుపడకుండా హైస్కూలు మాస్టారికో నర్సమ్మకో ఇచ్చినవారు మరొకరు. గల్ఫు నుండి కొడుకు పంపిన డబ్బుతో మండల కేంద్రంలో చిన్న డాబా వేసుకొని, కింద తాముండి పైన అద్దెకిచ్చిన తల్లిదండ్రులు ఇంకొందరు. భర్తను పోగొట్టుకొని, ఆ అద్దెతోనే మందులూ పాలూ కొనుక్కునే తల్లులూ ఉన్నారు. వీరికి ఒక నెల అద్దె రాకపోతే ఆ నెల ఇంట్లో ఏదో ఒకటి ఆగిపోతుంది. అటు అద్దెకున్నవారివీ చాలీచాలని సంసారాలే. చిక్కంతా ఇక్కడే వస్తుంది.

మేమిద్దరమూ పన్నెండేళ్ళుగా మా ఇంటిలో మూడు వాటాలు అద్దెకిస్తున్నాము. ఈ కాలంలో మాకు అర్థమైనది ఒక్కటే: లెక్క వేరు, జాలి వేరు. రెండింటినీ కలిపేస్తే లెక్కా చెడుతుంది, జాలీ చెడుతుంది.

అద్దె అంతా ఆదాయం కాదు

మూడు వాటాలకు నెలకు 4,000 చొప్పున 12,000 రూపాయలు. సంవత్సరానికి 1,44,000. వినడానికి బాగానే ఉంటుంది. పోయిన సంవత్సరం మా నోటు పుస్తకంలోని ఖర్చులు చూడండి. ఒక వాటా రెండు నెలలు ఖాళీగా ఉన్నందుకు 8,000 పోయింది. ఆ వాటాకు రంగులు వేయించడానికి 9,000, కాలిపోయిన మోటారుకు వైండింగు 4,500, సెప్టిక్ ట్యాంకు తోడించడానికి 3,500, కుళాయిలు, వైర్లు, తలుపుల పనులకు 5,000, ఇంటి పన్ను 4,000. మొత్తం 34,000. మిగిలినది 1,10,000. అంటే వచ్చిన అద్దెలో దాదాపు నాలుగో వంతు ఇంటికే పోయింది.

కనుక అద్దె చేతికి రాగానే నాలుగో వంతు పక్కన పెట్టడం మంచిది. అలా పెట్టనివారు మోటారు కాలిన రోజున అప్పుకు పోతారు. లేదా మరమ్మతు వాయిదా వేసి అద్దెకున్నవారితో మాట పడతారు. ఆదాయపు పన్ను కట్టవలసినవారికి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. వచ్చిన అద్దెలో నుండి తాము కట్టిన ఇంటి పన్ను తీసివేయగా మిగిలిన దానిలో 30 శాతాన్ని, ఖర్చుల రసీదులేవీ చూపకుండానే, తగ్గించుకోవచ్చు.

కాగితం మీద మాట

‘మనవాళ్ళే కదా, కాగితం ఎందుకు’ అని చాలామంది అంటారు. మనవాళ్ళయితే కాగితం మరీ అవసరము. పరాయివాడితో తగువు వస్తే ఇల్లు ఖాళీ అవుతుంది. మనవాళ్ళతో వస్తే బంధుత్వమే ఖాళీ అవుతుంది.

అద్దె ఒప్పందాన్ని అందరూ 11 నెలలకే ఎందుకు రాస్తారని కొందరు అడుగుతుంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చూ శ్రమా తప్పించుకోవడానికి 11 నెలలకు రాసుకొని, గడువు తీరగానే మళ్ళీ రాసుకుంటారు.

ఒప్పందంలో అద్దె ఎంత, ఏ తేదీ లోపల ఇవ్వాలి, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేయాలంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, వెళ్ళేటప్పుడు సున్నం ఖర్చు ఎవరిది అన్నవి ఉండాలి. ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని బల్బులు, ఎన్ని తాళంచెవులు ఇచ్చారో కూడా రాయండి. అడ్వాన్సు విషయంలో అత్యాశ వద్దు. 2021లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు వద్దని చెబుతుంది. రాష్ట్రం దాన్ని చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది గాని, న్యాయమైన కొలత ఏదో దానివల్ల తెలుస్తుంది.

కరెంటు మీటరు, నీళ్ళ మోటారు

అద్దె ఇళ్ళలో జరిగే తగువులలో చాలావాటికి మూలం కరెంటు బిల్లు. మూడు వాటాలకు ఒకే మీటరు ఉంటే అందరి యూనిట్లూ కలిసి పై శ్లాబులోకి పోతాయి. పై శ్లాబులో యూనిట్ ధర ఎక్కువ. ఒక్క ఫ్యాను తిప్పుకొనే ముసలమ్మ కూడా పక్కవాటా వారి ఏసీ ధర మోయవలసి వస్తుంది. లోపల చిన్న మీటర్లు బిగించినా ఈ అన్యాయం పూర్తిగా పోదు. ఒక్కసారి ఖర్చయినా సరే, వాటాకొక సర్వీసు తీసుకోవడమే మేలు. నీళ్ళ మోటారు, మెట్ల దీపం మాత్రం ఓనరు మీటరు మీద పెట్టుకొని, దానికింత అని నెలకు ఒకే మొత్తం నిర్ణయించుకుంటే గొడవ ఉండదు.

మరమ్మతుల విషయంలో మా పద్ధతి ఇది. పాతబడి చెడినది మేము బాగుచేయిస్తాము, పగలగొట్టినది వారు బాగుచేయించుకుంటారు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోనూ ఇదే న్యాయం కనిపిస్తుంది. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు అద్దెకున్నవారు బాధ్యులు కారు. ఓనరు చేయించవలసిన మరమ్మతును, చెప్పిన తరువాత కూడా తగిన సమయంలో చేయించకపోతే, వారే చేయించుకొని ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకోవచ్చు.

పన్నెండేళ్ళ భయం

‘పన్నెండేళ్ళుంటే ఇల్లు వాళ్ళదైపోతుందట’ అన్న భయం పల్లెల్లో చాలామందికి ఉంది. ఈ భయంతోనే కొందరు ఇల్లు పాడుపెట్టుకుంటారు గాని అద్దెకివ్వరు. కొందరు చక్కగా ఉంటున్న కుటుంబాన్ని కూడా కారణం లేకుండా ఖాళీ చేయిస్తారు.

నిజమేమిటంటే, పన్నెండేళ్ళ లెక్క ఓనరు హక్కును కాదని, ఇది నాదే అని బహిరంగంగా అనుభవించేవారికి సంబంధించినది. అద్దె కడుతూ ఉన్నవారు ఓనరు అనుమతితో ఉన్నవారే. ఆ అద్దె సంబంధం ఉన్నంతకాలం ఎన్నేళ్ళున్నా అది వారి సొంతం కాదు. ఇల్లు తీసుకున్ననాడు ఓనరుకు ఆ ఇంటిమీద హక్కు లేదని కూడా వారు అద్దెకుంటూనే వాదించడానికి వీలులేదు. అయితే వారు అద్దెకు వచ్చారని చూపడానికి మీ దగ్గర కాగితం ఉండాలి. ఒప్పందము, రసీదు పుస్తకంలోని అడుగుకాగితాలు, బ్యాంకు ఖాతాలో పడిన అద్దె, ఇవే మీ సాక్షులు. పన్ను భయంతో రసీదు ఇవ్వనివారు తమ సాక్ష్యాన్ని తామే చెరుపుకుంటున్నారు. ఫోనులో డబ్బు పంపేవారిని ‘ఫలానా నెల అద్దె’ అని రాసి పంపమని చెప్పండి.

అద్దె ఆగినప్పుడు

మా మేడమీది వాటాలో ఒక లారీ డ్రైవరు కుటుంబం ఉండేది. ప్రమాదంలో అతని కాలు విరిగి మూడు నెలలు మంచాన పడ్డాడు. అద్దె ఆగింది. అతని భార్య మమ్మల్ని చూస్తే తల వంచుకొని పోయేది. చివరికి ఒకరోజు వచ్చి, “అమ్మగారూ, ఖాళీ చేసి మా పుట్టింటికి పోతామండి. ఎన్నాళ్ళిలా మీకు ముఖం చాటేస్తాము?” అన్నది. పిల్లలకు పరీక్షలు నెల రోజుల్లో ఉన్నాయి.

“ఖాళీ చేయమని మేము అడగలేదమ్మా. కూర్చో, ముందు లెక్క రాద్దాము” అన్నాము. బాకీ 12,000. ఒక నెల అద్దె వదులుకోగలమని మేమిద్దరం ముందే అనుకున్నాము. ఆ 4,000 ఎదురుగా ‘వదిలేశాము’ అని పుస్తకంలో రాసి ఆమెకు చూపించాము. మిగిలిన 8,000 అతడు మళ్ళీ లారీ ఎక్కినప్పటి నుండి నెలకు 500 చొప్పున ఇచ్చేలా ఒప్పుకున్నారు. పదహారు నెలలలో తీరవలసిన బాకీ పదిహేను నెలలకే తీరింది. అంతకంటె ముఖ్యం, ఆ లెక్క రాసిన మరునాటి నుండి ఆమె తలెత్తుకొని గేటు దాటింది.

‘చూద్దాంలే’ అని ఊరుకుంటే అది దయలాగే కనిపిస్తుంది. కాని ఓనరు మనస్సులో బాకీ పెరుగుతూనే ఉంటుంది, అద్దెకున్నవారి మనస్సులో భయం పెరుగుతూనే ఉంటుంది. వదిలేసినది వదిలేశామని చెప్పాలి. రావలసినది రావాలని చెప్పాలి. వదులుకునే శక్తి లేనివారు, అద్దె మీదనే బ్రతికే తల్లులు, తాము ఎన్నాళ్ళు ఆగగలరో మొదటి నెలలోనే చెప్పడం తప్పు కాదు. ముందే చెబితే ఎదుటివారు బంధువులనో సంఘ పెద్దలనో సహాయం అడగడానికి సమయం దొరుకుతుంది.

శక్తి ఉండి ఇవ్వనివారి సంగతి వేరు. అయినా కరెంటు తీసేయడం, నీళ్ళు ఆపడం, తాళం వేయడం చేయకండి. చట్టం ఒప్పదు, పైగా మన న్యాయం కూడా అన్యాయమైపోతుంది. నెలసరి అద్దెకు, ఒప్పందంలో వేరే గడువు లేకపోతే, 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. మన పట్టణాల్లో అద్దె వ్యవహారాలు చాలాకాలం 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద నడిచాయి. ఆంధ్రప్రదేశ్ 2017లో కొత్త చట్టం చేసింది. మీ ఇంటికి ఏది వర్తిస్తుందో ఒక లాయరును అడిగి ముందడుగు వేయండి.

“మీరేమిట్లు?”

టు-లెట్ బోర్డు చూసి వెళ్ళినవారిని మొదట ఈ ప్రశ్న అడిగే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. జవాబు విన్నాక ‘నిన్ననే వేరేవాళ్ళకు ఇచ్చేశామండి’ అంటారు. బోర్డు మాత్రం అక్కడే వేలాడుతుంది. ఈ మాట విని వెనుదిరిగినవారు మన కుటుంబాలలో ఎందరో ఉన్నారు. అలా బాధపడినవారు తాము ఇల్లు కట్టుకున్నాక అదే ప్రశ్న మరొకరిని అడగడం న్యాయమా?

అడగవలసినవి వేరే ఉన్నాయి. ఇంట్లో ఎంతమంది, ఏమి పని, ఇంతకు ముందు ఎక్కడున్నారు, ఆ ఓనరుతో ఒకసారి మాట్లాడవచ్చా, ఇవి చాలు. అపొస్తలుడైన పౌలు రోమాలో కావలి సైనికునితో కూడా రెండేళ్ళు అద్దె ఇంటిలోనే ఉన్నాడు. ఖైదీకి ఇల్లిచ్చిన ఆ యజమాని పేరు ఎక్కడా రాయబడలేదు. అతడు ఏమి అడిగి ఇచ్చాడో గాని, ఇవ్వడం మాత్రం ఇచ్చాడు.

ఖాళీ చేసే రోజు

పిల్లలున్న కుటుంబాన్ని ఖాళీ చేయమనవలసి వస్తే వేసవి సెలవుల దాకా ఆగగలరేమో చూడండి. ఖాళీ చేసే రోజున ఇద్దరూ కలిసి గదులు తిరిగి, మొదట రాసుకున్న కాగితంతో సరిచూసుకోండి. విరిగినదానికి ఎంతో అక్కడే తేల్చి, మిగిలిన అడ్వాన్సు ఆ రోజే చేతిలో పెట్టండి. ‘తరువాత వచ్చి తీసుకోండి’ అని తిప్పించుకోవద్దు. కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టవలసినది వారు ఆ డబ్బుతోనే. మంచిగా వెళ్ళినవారే తరువాత మీ ఇంటికి మంచివారిని పంపుతారు. మా మూడు వాటాలలో ఇప్పుడున్న రెండు కుటుంబాలు అలా వచ్చినవే.

ఈ నెల అద్దె అందగానే ఒక నోటు పుస్తకమూ, ఒక రసీదు పుస్తకమూ కొనండి. రెండూ కలిపి వంద రూపాయలకు మించవు. మొదటి పేజీలో ఈ నెల లెక్క రాసి, అద్దెకున్నవారికి కూడా చూపించండి.