సామెతల పిల్లి, ఇంటి పిల్లి: పెంపుడు పిల్లి ప్రవర్తన, వ్యక్తిత్వాల అవగాహన

వ్యాససంగ్రహం:

తెలుగువారి సామెతల్లో, జాతీయాల్లో, కథల్లో పిల్లి తరచుగా కనిపిస్తుంది. ఆ పిల్లి చాలావరకు దొంగ, కపటి, విశ్వాసం లేనిది. ఈ భావన భాషకే పరిమితం కాలేదు. ఇంట్లో పిల్లిని పెంచే తీరును, శిక్షించే తీరును, వదిలించుకునే తీరును కూడా అది నిర్ణయిస్తోంది. సామెతలు పిల్లి చేష్టలను నిశితంగా గమనించాయనీ, ఆ చేష్టల వెనుక ఉన్న కారణాలను మాత్రం మానవ నీతి దృష్టితో ఊహించాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కడప జిల్లా మైదుకూరు ప్రాంతపు గృహజీవనాన్ని నేపథ్యంగా తీసుకొని, గత నాలుగైదు దశాబ్దాల జంతుప్రవర్తన పరిశోధనల వెలుగులో కొన్ని సామెతలను పునఃపరిశీలించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: పిల్లి, సామెతలు, జంతుప్రవర్తన, వ్యక్తిత్వం, మార్జాలకిశోర న్యాయం, మైదుకూరు, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం

కడప, కర్నూలు, ప్రొద్దుటూరు, బద్వేలు దారులు కలిసే కూడలి మైదుకూరు. కె.సి. కాలువ నీటితో వరి, పసుపు పండే పల్లెలు దీని చుట్టూ ఉన్నాయి. పండిన పంట ఇంటికి చేరితే ఎలుక వస్తుంది. ఎలుక వెంట పిల్లి వస్తుంది. పాత మట్టిమిద్దెల్లో దంతెల సందులు, గాదెల చాటు, పశువుల కొట్టం, పెరటిలోని గడ్డివామి పిల్లికి సహజమైన నివాసాలు. ఇక్కడ పిల్లిని ఎవరూ ప్రత్యేకంగా కొని తెచ్చుకోలేదు. అది వచ్చింది, ఉండిపోయింది.

పిల్లి చరిత్ర మొత్తం ఇదే. 2007లో కార్లోస్ డ్రిస్కాల్ బృందం ప్రచురించిన జన్యు అధ్యయనం ప్రకారం ప్రపంచంలోని పెంపుడు పిల్లులన్నిటికీ మూలం పశ్చిమాసియా ప్రాంతపు అడవిపిల్లి. తొలి రైతులు ధాన్యం నిలువ చేయడంతో ఎలుకలు పెరిగాయి; ఎలుకల కోసం పిల్లులు ఊళ్ళకు చేరువయ్యాయి. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 సంవత్సరాల నాటి సమాధిలో మనిషి పక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం లభించిందని 2004లో పరిశోధకులు ప్రకటించారు. ఆ ద్వీపంలో పిల్లి సహజంగా ఉండే జంతువు కాదు కాబట్టి మనుషులే దాన్ని పడవలో తీసుకువెళ్ళి ఉండాలి.

కుక్కను మనిషి వేటకు, కాపలాకు తగినట్టుగా తరతరాలుగా ఎంపిక చేసి పెంచాడు. పిల్లి విషయంలో అటువంటి ఎంపిక ఇటీవలి వరకు చాలా తక్కువ. ఆజ్ఞను పాటించడం కుక్క జాతికి అబ్బిన గుణం. పిల్లికి ఆ అవసరమే కలగలేదు. ఈ భేదాన్ని గుర్తించకుండా పిల్లిని కుక్కతో పోల్చి ‘విశ్వాసం లేనిది’ అనడం నుంచే అపార్థం మొదలవుతుంది.

2. సామెతలు: గమనిక, వ్యాఖ్య

ప్రతి జంతు సామెతలోనూ రెండు అంశాలుంటాయి. ఒకటి కంటితో చూసిన గమనిక. రెండవది ఆ గమనికకు మనిషి చేసిన వ్యాఖ్య. ఈ రెండింటినీ విడదీసి చూస్తే సామెత విలువ, దాని పరిమితి స్పష్టమవుతాయి.

2.1 కళ్ళు మూసుకొని పాలు తాగడం

తననెవరూ చూడడం లేదనుకొని తప్పు చేసేవారికి ఈ సామెతను వాడతారు. పిల్లి తినేటప్పుడు, తాగేటప్పుడు కళ్ళు అరమోడ్చడం నిజమే. అయితే పిల్లి కన్ను దూరాన కదిలే వస్తువును పట్టడానికి అనువైనది. ముక్కు దగ్గర ఉన్న వస్తువుపై దృష్టి నిలిపే శక్తి దానికి తక్కువ. గిన్నె దగ్గర అది వాసనపైన, మీసాల స్పర్శపైన ఆధారపడుతుంది. పైగా కళ్ళు మూయడం పిల్లి విషయంలో నిశ్చింతకు గుర్తు. 2020లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, మనిషి తన కళ్ళను మెల్లగా అరమూసి తెరిస్తే పిల్లి కూడా అలాగే స్పందించే అవకాశం పెరుగుతుందనీ, అలా చేసిన అపరిచితుడి దగ్గరకు అది ఎక్కువగా వస్తుందనీ నిరూపించారు. మనం కపటమని భావించిన చేష్ట నిజానికి నమ్మకానికి సంకేతం.

ఈ సామెతలోని పాల విషయమూ ఆలోచించదగినదే. పెరిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెరను అరిగించుకొనే శక్తి తగ్గిపోతుంది. పాలు తాగిన పిల్లికి విరేచనాలు కావడం అందువల్లనే. మాంసాహారమే పిల్లికి సహజమైన ఆహారం. తీపి రుచిని గుర్తించే జన్యువు పిల్లిజాతిలో పనిచేయదని 2005లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

2.2 పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం

పట్టిన ఎలుకను వెంటనే చంపక విసరడం, వదలడం, మళ్ళీ పట్టడం చూసినవారికి అది క్రూర వినోదంగా తోస్తుంది. 1979లో మాక్సీన్ బిబెన్ చేసిన ప్రయోగాల్లో ఆకలి ఎక్కువగా ఉన్నప్పుడు, ఎర చిన్నదైనప్పుడు పిల్లి త్వరగా చంపుతుందని తేలింది. ఎర పెద్దదైనప్పుడు, ఆకలి తక్కువైనప్పుడు ఈ ‘ఆట’ పెరుగుతుంది. పంది కొక్కు వంటి ఎర తిరిగి కరిస్తే పిల్లి ముఖానికి, కళ్ళకు గాయమవుతుంది. అందువల్ల ఎరను అలసిపోయేలా చేయడం ఒంటరి వేటగాడికి అవసరమైన జాగ్రత్త. ఎలుకకు ప్రాణసంకటమన్న మాట నిజం. పిల్లికి చెలగాటమన్న మాట మాత్రం పూర్తి నిజం కాదు.

2.3 పిల్లలను ఏడిళ్ళు తిప్పడం

తల్లి పిల్లి తన కూనలను చోటు మార్చి చోటు తిప్పుతుందన్న గమనిక తెలుగునాట అందరికీ తెలిసినదే. నిలకడలేనివారిని దీనితో పోలుస్తారు. ఒకేచోట ఎక్కువ రోజులుంటే వాసన పేరుకొని శత్రువులకు ఆనవాలు దొరుకుతుంది. కుక్కలు మాత్రమే కాక, కొన్ని సందర్భాల్లో గండుపిల్లులు కూడా కూనలను చంపుతాయి. కాబట్టి ఈ తిరుగుడు నిలకడలేమి కాదు, సంరక్షణ.

ఇదే దృశ్యాన్ని మన తాత్త్విక సంప్రదాయం మరో విధంగా చూసింది. తల్లి మెడ పట్టుకొని ఎత్తితే కూన ఏ ప్రయత్నమూ చేయక వేలాడుతుంది. విశిష్టాద్వైతంలో తెంగలై సంప్రదాయం దీన్ని ‘మార్జాలకిశోర న్యాయం’గా శరణాగతికి ఉపమానం చేసుకుంది. మెడపై చర్మం పట్టినప్పుడు కూన కదలికలు మాని ముడుచుకోవడం ఒక సహజ ప్రతిచర్య అని ప్రవర్తనశాస్త్రం చెబుతుంది. ఒకే చేష్ట ఒకచోట చాపల్యానికి, మరొకచోట పరమభక్తికి గుర్తయిందంటే, వ్యాఖ్య పిల్లిది కాదు, చూసేవారిదని తెలుస్తుంది.

2.4 గదిలో పెట్టి కొడితే తిరగబడడం

ఈ సామెతలో గమనిక, వ్యాఖ్య రెండూ సరైనవే. ఒంటరిగా వేటాడే జంతువుకు గాయమంటే ఆకలిచావు. అందుకే భయం కలిగినప్పుడు పిల్లి మొదట పారిపోవాలని చూస్తుంది, లేదా దాక్కుంటుంది. ఈ రెండు దారులూ మూసుకుపోయినప్పుడే గోళ్ళకు, కోరలకు పనిచెబుతుంది. చెవులు వెనక్కి వాలడం, కనుపాపలు విప్పారడం, తోక విసురుగా ఆడటం దానికి ముందు వచ్చే హెచ్చరికలు. వీటిని గమనించని పిల్లవాడిని పిల్లి రక్కితే తప్పు పిల్లిదే అవుతుంది!

2.5 తెనాలి రామకృష్ణుని పిల్లి

కృష్ణదేవరాయలు ఎలుకల బెడద పోగొట్టడానికి పిల్లులను, వాటి పోషణకు ఆవులను పంచిపెట్టాడనీ, రామకృష్ణుడు తన పిల్లికి మొదటిసారే మరుగుతున్న పాలు పోశాడనీ, ఆపై అది పాలను చూస్తేనే పారిపోయేదనీ జానపద కథ చెబుతుంది. కథ వికటకవి చమత్కారం కోసం పుట్టినదే కావచ్చు. కానీ ఒక్క చేదు అనుభవం పిల్లి జ్ఞాపకంలో ఎంత బలంగా నాటుకుంటుందో, ఆ భయం అదే వాసనకు, అదే పాత్రకు ఎలా అంటుకుంటుందో ఇందులో చక్కగా కనిపిస్తుంది. కొట్టి నేర్పాలనుకునేవారికి ఈ కథ ఒక హెచ్చరిక. పిల్లి తాను చేసిన తప్పును గుర్తుంచుకోదు. కొట్టిన చేతిని గుర్తుంచుకుంటుంది.

3. వ్యక్తిత్వం ఎలా ఏర్పడుతుంది?

ఒకే ఈతలో పుట్టిన కూనల్లో ఒకటి ఒడిలోకి ఎక్కుతుంది, మరొకటి గాదె వెనుక నుంచి బయటికి రాదు. ఈ భేదానికి ప్రధానంగా రెండు కారణాలను పరిశోధకులు గుర్తించారు.

మొదటిది వయసు. ఐలీన్ కార్ష్ 1980లలో అమెరికాలో చేసిన పరిశోధనల్లో రెండవ వారం నుంచి ఏడవ వారం వరకు మనిషి చేతి స్పర్శ పొందిన కూనలు పెద్దయ్యాక మనుషులతో స్నేహంగా ఉంటాయని తేలింది. ఈ గడువు దాటాక మచ్చిక చేయడం చాలా కష్టం. గడ్డివామిలో పుట్టి రెండు నెలల తరువాత బయటపడిన కూన ‘బుసకొట్టే’ పిల్లి కావడానికి కారణం ఇదే. అలాగని కూనను తల్లి నుంచి తొందరగా వేరు చేయకూడదు. తల్లి దగ్గర ఉంచుతూనే మనిషికి అలవాటు చేయాలి.

రెండవది వారసత్వం. స్నేహశీలమైన తండ్రికి పుట్టిన కూనలు కొత్త మనుషుల దగ్గరకు, కొత్త వస్తువుల దగ్గరకు ధైర్యంగా వెళతాయని 1995లో సాండ్రా మెక్‌క్యూన్ నిరూపించారు. కూనలను గండుపిల్లి పెంచదు. చాలాసార్లు అవి తండ్రిని చూడనైనా చూడవు. కాబట్టి ఇది అనుకరణ వల్ల వచ్చిన గుణం కాదు.

వ్యక్తిత్వాన్ని కొలవడానికీ ప్రయత్నాలు జరిగాయి. 2017లో కార్లా లిచ్‌ఫీల్డ్ బృందం దక్షిణ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రాంతాల్లోని 2,802 పిల్లుల గురించి యజమానుల నుంచి వివరాలు సేకరించి ఐదు లక్షణాలను గుర్తించింది. అవి: ఆందోళనశీలత, బహిర్ముఖత్వం, ఆధిపత్యం, తొందరపాటు, స్నేహశీలత. 2021లో హెల్సింకి విశ్వవిద్యాలయ పరిశోధకులు నాలుగువేలకు పైగా పిల్లులను పరిశీలించి ఏడు అంశాలను ప్రతిపాదించారు. వాటిలో అతిగా ఒళ్ళు నాక్కోవడం, మలమూత్ర విసర్జనలో తేడాలు కూడా ఉన్నాయి. ఈ రెండింటినీ వ్యక్తిత్వ లక్షణాలుగా కాక, ఒత్తిడికి సూచనలుగా గ్రహించాలి. ఈ అధ్యయనాలన్నీ యజమానుల మాటపై ఆధారపడినవి. పైగా అవి విదేశీ గృహాలకు చెందినవి. సగం ఇంట్లో, సగం వీధిలో బతికే మన పల్లె పిల్లులపై ఇటువంటి అధ్యయనం తెలుగులో జరగవలసి ఉంది.

4. పిల్లికి విశ్వాసం ఉందా?

‘కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది’ అన్న అభిప్రాయం లోకంలో బలంగా ఉంది. 2019లో క్రిస్టిన్ విటాలే బృందం, పసిపిల్లలకూ తల్లికీ మధ్య ఉండే అనుబంధాన్ని పరీక్షించే పద్ధతిని పిల్లులకు అన్వయించింది. కొత్త గదిలో యజమాని కాసేపు వదిలి తిరిగి వచ్చినప్పుడు సుమారు 64 శాతం కూనలు ఊరట పొంది మళ్ళీ పరిసరాలను పరిశీలించసాగాయి. అంతకుముందు 2015లో ఆలిస్ పాటర్, డేనియల్ మిల్స్ చేసిన అధ్యయనం పెద్ద పిల్లుల్లో ఇటువంటి అనుబంధానికి స్పష్టమైన ఆధారం లేదని తేల్చింది. ఈ చర్చ ముగియలేదు. పిల్లి తన యజమాని స్వరాన్ని గుర్తుపడుతుందని 2013లో, తన పేరును ఇతర పదాల నుంచి వేరుచేయగలదని 2019లో జపాన్ పరిశోధకురాలు అట్సుకో సైటో బృందం చూపింది. పిలిస్తే రాకపోవడం వినకపోవడం వల్ల కాదన్నమాట. కారెన్ మెక్‌కోంబ్ 2009లో మరో విషయాన్ని వెల్లడించారు. తిండి అడిగేటప్పుడు పిల్లి చేసే గురగుర శబ్దంలో పసిబిడ్డ ఏడుపును పోలిన తారస్వరం కలిసి ఉంటుంది. మనిషి మనసును కదిలించే విధానాన్ని పిల్లి నేర్చుకుందంటే, అది మనిషిని పట్టించుకోనిదని చెప్పలేం.

5. అపార్థం ఖరీదు

ఈ చర్చ కేవలం పాండిత్యం కోసం కాదు. ఇంట్లో మూత్రం పోసిన పిల్లిని ‘పొగరు’ అని తిట్టి, గోనెసంచిలో వేసి ఊరు దాటించి వదిలే అలవాటు మన పల్లెల్లో ఉంది. ఆ పిల్లికి మూత్రనాళపు వ్యాధి ఉండవచ్చు. ముఖ్యంగా గండుపిల్లికి మూత్రం బిగిస్తే రెండు మూడు రోజుల్లో ప్రాణాపాయం. నొప్పిని దాచడం పిల్లి స్వభావం. ‘కాలుగాలిన పిల్లి’ జాతీయం అలజడిని చూసింది గానీ, నొప్పిపడే పిల్లి ఎక్కువగా మూలన ముడుచుకొని కూర్చుంటుంది. 2019లో మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చెవులు, కళ్ళు, మూతి, మీసాలు, తల ఉన్న తీరును బట్టి పిల్లి నొప్పిని అంచనా వేసే కొలమానాన్ని రూపొందించారు. జ్వరమనుకొని మనుషుల పారాసిటమాల్ మాత్ర ఇస్తే అది పిల్లికి విషమవుతుంది. ధాన్యపు కొట్లలో పెట్టే ఎలుకల మందు, దాన్ని తిన్న ఎలుక ద్వారా పిల్లి ప్రాణం కూడా తీయవచ్చు.

మనిషి వైపు నుంచీ ప్రమాదముంది. పిల్లి కాటువల్ల కూడా రేబిస్ రావచ్చు. కరిచినా, రక్కినా గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే వైద్యుణ్ణి కలవాలి. పిల్లికి టీకా వేయించాలి. మైదుకూరుకు సమీపంలోని ప్రొద్దుటూరులోనే పశువైద్య కళాశాల ఉండటం ఈ ప్రాంతవాసులకు అనుకూలించే అంశం.

6. ముగింపు

- సామెతల్లోని గమనికలు విలువైనవి. అవి తరతరాల గృహజీవనం నుంచి పుట్టిన ప్రత్యక్ష పరిశీలనలు.
- ఆ సామెతలు పిల్లికి అంటగట్టిన కపటం, క్రూరత్వం, చాపల్యం మానవ నీతికి సంబంధించిన ఆరోపణలు. మహాబలిపురం శిలాఫలకంపై ఎలుకల మధ్య తపస్సు చేస్తున్న పిల్లి దొంగసన్న్యాసికి ప్రతీకే తప్ప పిల్లి చిత్రణ కాదు.
- పిల్లి వ్యక్తిత్వం వారసత్వం, తొలి వారాల అనుభవం, ప్రస్తుత పరిస్థితి కలిసి రూపొందించినది. కాబట్టి ‘పిల్లులన్నీ ఇంతే’ అన్న మాట నిలవదు.
- ప్రవర్తనలో హఠాత్తుగా వచ్చిన మార్పును దోషంగా కాక, ముందుగా అనారోగ్య సూచనగా పరిశీలించాలి.

తెలుగు సామెతలపై పరిశోధించేవారు పశువైద్యులతో, ప్రవర్తన శాస్త్రజ్ఞులతో కలిసి పనిచేస్తే జంతు సామెతలన్నిటినీ ఈ విధంగా పునఃపరిశీలించే వీలుంటుంది. సామెతను మార్చనక్కరలేదు. దాన్ని వాడే ముందు, గడప దగ్గర కూర్చున్న పిల్లిని ఒకసారి తేరిపార చూస్తే చాలు.