కైట్ అంటే గాలిపటం ఒక్కటేనా? చీల్ నుంచి చెక్కు దాకా ఒకే మాట

జనవరి వచ్చిందంటే ఇంగ్లీషు పేపర్లలో ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది. మాంజా తగిలి కైట్‌కి గాయమైందని. తెలుగులో చదువుకున్న పిల్లలకి ఇది అర్థం కాదు. గాలిపటానికి గాయమేంటి, చిరిగిందని రాయాలి కదా అంటారు. వాళ్ల తప్పేం లేదు. స్కూల్లో కైట్ అంటే గాలిపటం అని నేర్పి అక్కడే ఆపేశారు. కానీ ఆ మాట మొదట పక్షిది. కాగితానికి తర్వాత వచ్చింది.

ఆ పక్షి మనకి కొత్తది కాదు. మటన్ షాపుల పైన, బక్రీద్ రోజు ఖుర్బానీ చేసే చోట పైన గుండ్రంగా తిరిగేది అదే. ఉర్దూలో చీల్, తెలుగులో గద్ద. గుర్తు పట్టాలంటే తోక చూడండి. చివర రెండుగా చీలినట్టు ఉంటుంది. (చీలడానికి, చీల్‌కి సంబంధం లేదు లెండి, గుర్తు పెట్టుకోవడానికి మాత్రం పనికొస్తుంది.) తెల్ల తల, ఇటుక రంగు ఒళ్ళు ఉన్నది ఇంకోటి ఉంది. మన ఊళ్లలో గరుడ పక్షి అంటారు. దాన్నీ ఇంగ్లీషులో బ్రాహ్మినీ కైట్ అనే అంటారు, ఈగల్ అనరు.

ఇక్కడ ఉర్దూ కొంచెం క్లియర్‌గా ఉంటుంది. చీల్ అంటే కైట్, ఉకాబ్ అంటే ఈగల్, బాజ్ అంటే హాక్, షాహీన్ అంటే ఫాల్కన్, గిధ్ అంటే వల్చర్. తెలుగులో మనం మాట్లాడేటప్పుడు డేగ, రాబందు తప్ప మిగతా చాలావాటిని గద్ద అనేస్తాం. అందుకే ట్రాన్స్‌లేషన్‌లో కైట్ కాస్తా ఈగల్ అయిపోతుంది. అన్నట్టు, గిద్దలూరు పేరులో గిధ్ ఉందని ఎవరైనా అంటే నమ్మకండి, శబ్దం కలిసినంత మాత్రాన సంబంధం ఉన్నట్టు కాదు.

కాగితపు పటం ఇంగ్లండులో తెలిసింది 17వ శతాబ్దంలో. గాలిలో రెక్కలు ఆడించకుండా తేలే గద్దలా ఉందని దానికీ కైట్ అనే పేరు పెట్టారు. తెలుగువాళ్లు అలా చేయలేదు. గాలి, పటం కలిపి కొత్త మాట కట్టుకున్నారు. అందులో పక్షి లేదు. పతంగ్ సంగతి మాత్రం వేరు. సంస్కృతంలో పతంగం అంటే ఎగిరేది. పక్షి, దీపం చుట్టూ తిరిగే పురుగు, చివరికి సూర్యుడు కూడా. అంటే పతంగ్ కూడా పక్షి దగ్గర నుంచే కాగితం దగ్గరికి వచ్చింది, కైట్ లాగే. ఇంట్లో రెండు భాషలు మాట్లాడే మనకి ఈ సంగతి చెబితే వెంటనే ఎక్కుతుంది.

గ్రామర్‌కి వద్దాం. పక్షైనా పటమైనా కైట్ లెక్కపెట్టగలిగే నామవాచకం. ఒకటైతే 'ఎ కైట్', ఎక్కువైతే 'కైట్స్'. అసలు చిక్కు 'ఫ్లై' అనే క్రియతో వస్తుంది. మన ఇంట్లో 'చీల్ ఉడ్‌నా', 'పతంగ్ ఉడానా' అని రెండు మాటలు. తెలుగులోనూ గద్ద ఎగురుతుంది, గాలిపటం మనం ఎగరేస్తాం. ఇంగ్లీషులో రెండింటికీ ఫ్లై ఒక్కటే. 'ది బాయ్ ఈజ్ ఫ్లయింగ్ ఎ కైట్' అంటే కర్మ ఉంది కాబట్టి పటమే. 'కైట్స్ ఆర్ ఫ్లయింగ్ ఓవర్ ది మార్కెట్' అంటే పక్షులా పటాలా? వ్యాకరణం చెప్పదు, ముందు వెనక వాక్యాలు చూసుకోవాల్సిందే. భూతకాలంలో ఫ్లూ, పాసివ్‌లో ఫ్లోన్. 'ఫ్లైడ్' అని రాసి మార్కు పోగొట్టుకోకండి.

లెక్కల్లో కైట్ అంటే పక్కపక్క భుజాలు రెండు జతలుగా సమానంగా ఉండే చతుర్భుజం. జాతీయాల్లో 'గో ఫ్లై ఎ కైట్' అంటే నన్ను విసిగించకు, పో అని. 'ఫ్లై ఎ కైట్' అంటే జనం ఏమంటారో చూద్దామని ఒక మాట వదలడం. ఎలక్షన్ల ముందు మన లీడర్లు చేసే పనే. షేర్ల యాప్ కైట్ సంగతి కుర్రాళ్లకి చెప్పక్కర్లేదు.

బీకాం చదివినవాడిగా నేను ఎక్కువ చెప్పాల్సింది మాత్రం డబ్బు కైట్ గురించి. 1800ల మొదట్లోనే ఇంగ్లీషు వ్యాపారులు ఒక రకం బిల్లుని కైట్ అనేవాళ్లు. మన అకౌంట్స్ పుస్తకంలో దాని పేరు అకామిడేషన్ బిల్లు. మార్కాపురం పలకల వ్యాపారికి మూడు నెలలకి డబ్బు అవసరమైంది అనుకోండి. గిద్దలూరులో ఉన్న ఫ్రెండ్ మీద బిల్లు రాస్తాడు. సరుకు ఏమీ మారలేదు, ఫ్రెండ్ దోస్తీ కోసం సంతకం పెడతాడు. ఆ బిల్లుని బ్యాంకులో డిస్కౌంట్ చేసి డబ్బు తీసుకుంటారు. కింద సరుకు లేదు, కాగితం గాలిలో నిలబడింది, అందుకే కైట్.

గడువు రోజు పలకల వ్యాపారి చేతులెత్తేస్తే? 1881 నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 43 ప్రకారం, ప్రతిఫలం లేని బిల్లు మీద ఆ ఇద్దరి మధ్య బాకీ పుట్టదు. అయితే డబ్బిచ్చి ఆ బిల్లు తీసుకున్న బ్యాంకు మాత్రం సంతకం పెట్టిన ఫ్రెండ్ దగ్గర వసూలు చేసుకోవచ్చు. 'నాకు రూపాయి కూడా ముట్టలేదు సార్' అంటే బ్యాంకు వినదు.

క్రియగా వాడే కైట్ ఇంకా ప్రమాదం. 'టు కైట్ ఎ చెక్', అంటే ఖాతాలో డబ్బు లేకుండానే చెక్కు రాసి, అది క్లియర్ అయ్యేలోపు ఇంకో బ్యాంకు చెక్కుతో పూడ్చడం. దాని రూపాలు కైటెడ్, కైటింగ్. చెక్కు క్లియరింగ్‌కి రోజులు పట్టే కాలంలో ఆ సందులో ఈ ఆట నడిచేది. 2025 అక్టోబర్ 4 నుంచి రిజర్వ్ బ్యాంకు చెక్కుల్ని రోజంతా వరసగా క్లియర్ చేసే పద్ధతి తెచ్చాక ఆ సందు బాగా ఇరుకైంది. బాకీ కోసం ఇచ్చిన చెక్కు బౌన్స్ అయి, నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే, సెక్షన్ 138 కింద రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడొచ్చు.

మాంజా మాటకొస్తే, నైలాన్, సింథటిక్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జులై 11న దేశమంతా నిషేధించింది. సంక్రాంతికి మీ వీధిలో గద్ద దారంలో చిక్కుకుని వేలాడుతుంటే దారం లాగకండి, రెక్క తెగుతుంది. పక్షి మీద గుడ్డ కప్పి, దారం దూరంగా కత్తిరించి, గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి ఫారెస్టు వాళ్లకి చెప్పండి.